బెన్ను మట్టిలో చక్కెరలు దొరికాయట, అంటే ప్రాణం పైనుంచే ఊడిపడిందా?

తోకచుక్క77

అందరికీ నమస్కారం. వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది, గ్రహశకలం మీద ప్రాణం దొరికింది, సైంటిస్టులు ఒప్పేసుకున్నారు అని. కాస్త వెతికితే అసలు సంగతి తెలిసింది. బెన్ను అనే గ్రహశకలం నుంచి నాసా తెచ్చిన మట్టిలో రైబోజ్, గ్లూకోజ్ అనే చక్కెరలు ఉన్నాయని 2025 డిసెంబర్‌లో పేపర్ వచ్చింది. అదే ఏడాది జనవరిలో అమైనో ఆమ్లాలు, న్యూక్లియోబేస్‌లు కూడా ఉన్నాయన్నారు. నేను కామర్స్ మనిషిని, కెమిస్ట్రీ టెన్త్‌తోనే సరి. నా డౌట్ ఒక్కటే. మన ఒంట్లో ఉండే సరుకంతా ఆ రాతిలో ఉన్నప్పుడు, ప్రాణం అక్కడినుంచే వచ్చిందనడానికి ఇంకేం అడ్డం? లింకులు పడేసి వెళ్లిపోకుండా కొంచెం విడమర్చి చెప్పండి ప్లీజ్.

ల్యాబ్‌కోటు

అడ్డం చాలానే ఉందండీ. ఆ రాతిలో దొరికింది ప్రాణి కాదు, ప్రాణి మిగిల్చిన గుర్తూ కాదు. కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్ చేతికి అందితే వాటంతట అవే కట్టుకునే అణువులు అవి.

వివరం ఇదీ: ఒసైరిస్-రెక్స్ నౌక 2020 అక్టోబర్‌లో బెన్ను ఉపరితలం మీద నైట్రోజన్ గ్యాస్ ఊది లేచిన మట్టిని పట్టుకుంది. 2023 సెప్టెంబర్ 24న క్యాప్సూల్ యూటా ఎడారిలో దిగింది. లోపల 121.6 గ్రాములు. అందులో మన ప్రోటీన్లు వాడుకునే 20 అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్ఏ ఆర్ఎన్ఏల్లో ఉండే ఐదు న్యూక్లియోబేస్‌లూ, ఫార్మాల్డిహైడ్, బోలెడంత అమ్మోనియా ఉన్నాయి. డిసెంబర్ పేపర్‌లో గ్లూకోజ్, ఆర్ఎన్ఏకి కావలసిన రైబోజ్ కలిశాయి. డీఎన్ఏకి కావలసిన డీఆక్సీరైబోజ్ మాత్రం కనబడలేదు. మొదట ఆర్ఎన్ఏ వచ్చింది, డీఎన్ఏ తర్వాత వచ్చింది అనే వాదనవాళ్లకి ఇది నచ్చే సంగతి. కానీ ఒక్క నమూనాలో కనబడనంత మాత్రాన వాదన గెలిచినట్టు కాదు.

ఎదురుప్రశ్న

నేను నమ్మను. అంటే నాసా అబద్ధం చెప్తోందని కాదు. భూమ్మీద ఎక్కడ చూసినా బాక్టీరియా, వేలు తగిలితే చాలు అమైనో ఆమ్లాలు అంటుకుంటాయి. వేలిముద్రల్లోనే అవి ఉంటాయి కదా. అలాంటప్పుడు గ్రాములో అతి స్వల్ప మోతాదులో దొరికిన పదార్థం ఆ రాతిదో, ల్యాబ్‌లో తుమ్మినవాడిదో ఎలా తేలుస్తారు? ఈ మాట అడిగితే "నైట్రోజన్ బాక్సులో పెట్టారు" అని వదిలేస్తారు.

ల్యాబ్‌కోటు

ఇది సరైన ప్రశ్న. ఈ రంగంలో సగం పని ఇదే.

ముందు మీ పక్షానే మాట్లాడతా. 1864 మేలో ఫ్రాన్స్‌లో ఓర్గేయ్ ఉల్క పడింది. దాని ముక్క ఒకటి సీసాలో సీల్ వేసి మ్యూజియంలో పెట్టారు. దాదాపు వందేళ్ల తర్వాత, 1960లలో తీసి చూస్తే లోపల మొక్క విత్తనాలు, బొగ్గు ముక్కలు ఉన్నాయి! ఆహా అనుకునేలోపే వాటిని జిగురుతో అతికించారని తేలింది. ఎవడు చేశాడో ఇప్పటికీ తెలియదు. పాపం ఆ జోక్ చేసినవాడు నవ్వుకోవడానికి కూడా మిగల్లేదు.

ఇంకా దగ్గరిది: జపాన్ వాళ్ల హయబుసా2 నౌక ర్యుగు అనే గ్రహశకలం నుంచి 5.4 గ్రాములు తెచ్చింది, 2020 డిసెంబర్‌లో. అందులో ఒక రేణువు లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీకి వెళ్లింది. దాన్ని రెసిన్‌లో పెట్టి సాన పట్టి మైక్రోస్కోప్ కింద పెడితే, మీద సన్నటి దారాల్లాంటివి కనబడ్డాయి. కొన్నాళ్లకి వాటి సంఖ్య పెరిగింది, తర్వాత తగ్గింది. అంటే బతికున్న సూక్ష్మజీవులు, మన భూమివే, ఆ రాతి మీద కాపురం పెట్టేశాయి. 2024లో వాళ్లే ఆ సంగతి ప్రచురించారు. కాబట్టి మీ భయం గాల్లోది కాదు.

ఇక తేల్చే పద్ధతి. 1969 సెప్టెంబర్ 28న ఆస్ట్రేలియాలో మర్చిసన్ ఉల్క పడింది, మొత్తం వంద కిలోలకి పైనే. చంద్రుడి రాళ్ల కోసం ల్యాబులు అప్పటికే శుభ్రంగా సిద్ధమై ఉన్నాయి, టైమింగ్ భలే కుదిరింది. శ్రీలంకలో పుట్టిన సిరిల్ పొన్నంపెరుమ బృందం 1970లో దానిలోని అమైనో ఆమ్లాల గురించి పేపర్ వేసింది. వాళ్లు రెండు సంగతులు చూశారు. ఒకటి, అమైనో ఆమ్లాలకి కుడిచెయ్యి ఎడమచెయ్యిలా అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలుంటాయి; మన ప్రాణుల ప్రోటీన్లలో అవి ఎడమచేతి వాటం రూపంలో ఉంటాయి, రాతిలో కుడీ ఎడమా దాదాపు సమానంగా ఉన్నాయి. చెయ్యి తగిలి అంటుకున్నదైతే ఎడమే కనబడాలి. రెండోది, ప్రాణులు ప్రోటీన్లలో అసలు వాడని అమైనో ఆమ్లాలు ఉన్నాయి, తర్వాత దొరికిన ఐసోవాలిన్ కూడా అలాంటిదే. ల్యాబ్‌లో తుమ్మినవాడి నోట్లోంచి ఐసోవాలిన్ ఊడిపడదు.

దీనికితోడు ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు. అంతరిక్షపు చలిలో కట్టుకున్న అణువుల్లో బరువైన హైడ్రోజన్, నైట్రోజన్-15 మామూలు కంటే ఎక్కువగా చేరతాయి. బెన్ను అమ్మోనియాలో నైట్రోజన్-15 ఎక్కువే. వైల్డ్ 2 తోకచుక్క ధూళిని స్టార్‌డస్ట్ నౌక తెచ్చినప్పుడు కూడా గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం కనబడితే వెంటనే సంబరపడలేదు, కార్బన్-13 లెక్క తేలాక 2009లో చెప్పారు.

ఎదురుప్రశ్న

సరే, ఐసోవాలిన్ పాయింట్ బాగుంది. దాన్ని నేను కాదనలేను. కానీ చక్కెరల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలంటా. గ్లూకోజ్ అంటే భూమ్మీద ప్రతి ఆకులోనూ ఉంది.

ల్యాబ్‌కోటు

అందుకే గ్లూకోజ్ ఒక్కటే చూడరు. రైబోజ్‌తో పాటు దాని అన్నదమ్ములు అరబినోజ్, జైలోజ్ లాంటివి కూడా కలగాపులగంగా ఉన్నాయా అని చూస్తారు. ప్రాణి అయితే తనకి కావలసిన చక్కెరని ఏరి చేసుకుంటుంది, గుడ్డి రసాయన చర్య అన్నీ కలిపి పోస్తుంది. 2019లో మర్చిసన్‌లో రైబోజ్ దొరికినప్పుడూ అలాగే గుంపుగా దొరికాయి. ఫార్మాల్డిహైడ్ నుంచి చక్కెరలు కట్టుకుంటాయని బట్లెరోవ్ 1861లోనే చూపించాడు, కాబట్టి దారి కూడా తెలిసిందే.

తోకచుక్క77

ఇంకో డౌట్. అంతరిక్షం అంటే గడ్డకట్టే చలి కదా. చల్లగా ఉంటే రసాయన చర్యలు జరగవని స్కూల్లో చెప్పారు. మరి అక్కడ ఇవన్నీ ఎవరు వండారు?

చీకటిమేఘం

హమ్మయ్య, నాకు ఇష్టమైన ప్రశ్న వచ్చింది. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

నక్షత్రాల మధ్య దట్టమైన మేఘాలుంటాయి. దట్టం అన్నది మాటవరసకే, ఘన సెంటీమీటరుకి పదివేల అణువులుంటే దట్టమైన మేఘం కిందే లెక్క, మన ల్యాబుల్లో చేసే మంచి వాక్యూమ్ కంటే అది పలచన. ఉష్ణోగ్రత మైనస్ 263 డిగ్రీలు, అంటే 10 కెల్విన్. ఇక్కడ రెండు అణువులు గాల్లో ఎదురుపడి కలిసిపోవడం అరుదు, ఎదురుపడినా చర్యకి కావలసిన వేడి లేదు. అయినా రెండు దారులున్నాయి.

మొదటిది అయాన్ల దారి. కాస్మిక్ కిరణాలు మేఘం లోతుకి దూసుకెళ్లి హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లు ఊడగొడతాయి. అలా పుట్టిన అయాన్ పక్కనున్న అణువుని తనవైపు లాక్కుంటుంది, ఇలాంటి చర్యలు చాలావాటికి వేడి అడ్డుగోడ ఉండదు. చలిలో కూడా చకచకా సాగుతాయి.

రెండోది ధూళి రేణువులు. మైక్రాన్‌లో పదో వంతు ఉంటాయంతే. రేణువు సత్రం లాంటిది, దారినపోయే అణువు తగిలితే అక్కడే దిగిపోతుంది, చలికి మళ్లీ లేవలేదు. అలా నీటి మంచు, కార్బన్ మోనాక్సైడ్ మంచు పొరలు పొరలుగా పేరుకుంటాయి. వాటి మీద హైడ్రోజన్ పరమాణువు ఒక్కటే ఆ చలిలోనూ అటూ ఇటూ తిరగగలదు, తేలికైనది కాబట్టి. అది కార్బన్ మోనాక్సైడ్‌కి తగులుతుంది. అడ్డుగోడ దాటే శక్తి దానికి లేదు, కానీ క్వాంటం టన్నెలింగ్ వల్ల గోడలోంచే దూరిపోతుంది. ఒక్కో హైడ్రోజన్ వచ్చి చేరుతుంటే కార్బన్ మోనాక్సైడ్ కాస్తా ఫార్మాల్డిహైడ్ అవుతుంది, ఇంకో రెండు చేరితే మిథనాల్. ఇది కాగితం మీది లెక్క కాదు, హొక్కైడో విశ్వవిద్యాలయం వాళ్లు 2002లో 10 కెల్విన్ మంచు మీద హైడ్రోజన్ చల్లి చేసి చూపించారు.

ఆ తర్వాత పక్కన నక్షత్రం పుట్టడం మొదలయ్యాక కాస్త వేడి, అతినీలలోహిత కాంతి తగులుతాయి. మంచులో బంధాలు తెగి ముక్కలు కదిలి ఒకదానికొకటి అతుక్కుంటాయి. 2002లోనే నాసా ఏమ్స్ వాళ్లు ఒకరు, యూరప్ బృందం ఒకరు, విడివిడిగా ఇలాంటి మంచుని ల్యాబ్‌లో చేసి అతినీలలోహిత కాంతి కొట్టి అమైనో ఆమ్లాలు రాబట్టారు.

ఇదంతా నిజంగా అక్కడ జరుగుతోందా అంటే, రేడియో టెలిస్కోపులు చూపిస్తాయి. ప్రతి అణువూ గిరగిరా తిరుగుతూ తనకే ప్రత్యేకమైన ఫ్రీక్వెన్సీల దగ్గర రేడియో తరంగాలు వదులుతుంది. ముందు ల్యాబ్‌లో ఆ గీతలు కొలిచి, తర్వాత ఆకాశంలో అవే గీతలు వెతుకుతారు. 1968లో అమ్మోనియా, 1969లో ఫార్మాల్డిహైడ్ అలాగే దొరికాయి. ఇప్పటికి 300కి పైగా అణువులు దొరికాయి. చక్కెరలకి చిన్న తమ్ముడనదగ్గ గ్లైకాలాల్డిహైడ్ 2012లో అల్మా టెలిస్కోపుకి సూర్యుడిలాంటి ఒక పసి నక్షత్రం చుట్టూ కనబడింది, అది 400 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. జేమ్స్ వెబ్ 2024లో పసి నక్షత్రాల చుట్టూ మంచులో ఇథనాల్ ఉన్నట్టు చూపించింది. అవును, అదే ఆల్కహాల్. ఇక్కడ జోకులు వేసేవాళ్లు వేసుకోవచ్చు.

నిశాచరి

వేశాం అనుకోండి 😄

ఎదురుప్రశ్న

చీకటిమేఘం గారూ, ఆ 2002 ప్రయోగాల్లో ఒక చిన్న మెలిక ఉంది, మీరు దాటేశారు. మంచుని కరిగిస్తే నేరుగా అమైనో ఆమ్లాలు రాలేదు. మిగిలిన జిడ్డుని ఆమ్లంలో వేడిచేస్తేనే వచ్చాయి. అంతరిక్షంలో ఆమ్లం పోసి ఉడికించేవాడెవడు?

చీకటిమేఘం

మెలిక నిజమే, దాటెయ్యలేదు, పోస్టు అప్పటికే చాంతాడంత అయింది. ఆ చివరి పని గ్రహశకలం కడుపులో జరుగుతుంది. సౌరకుటుంబం పుట్టిన కొత్తలో అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక పదార్థం రాళ్ల లోపల ఉండి వేడి పుట్టించేది. దాంతో లోపలి మంచు కరిగి రాతి సందుల్లో గోరువెచ్చటి నీళ్లు ఊరాయి. అందులో ఆల్డిహైడ్, అమ్మోనియా, హైడ్రోజన్ సయనైడ్ కలిస్తే వచ్చేది అమైనో ఆమ్లమే, స్ట్రెకర్ 1850లో కనిపెట్టిన చర్య అది. అంటే ముడిసరుకు మేఘంలో తయారైతే, ఆఖరి పాకం రాతిలో కుదిరింది.

పాతకాపు

ఇంత దూరం వెళ్లడం దేనికి? 1953లో స్టాన్లీ మిల్లర్ ఫ్లాస్కులో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీళ్ల ఆవిరి పెట్టి కరెంటు స్పార్క్ కొడితే అమైనో ఆమ్లాలు వచ్చేశాయి కదా. భూమ్మీదే వండుకోగలిగితే ఆకాశం నుంచి పార్సిల్ ఎందుకు తెప్పించుకోవాలి?

ల్యాబ్‌కోటు

మిల్లర్ ప్రయోగంలో వాయువులు అలా ఉన్నాయి కాబట్టి అంత బాగా వచ్చింది. తొలినాటి భూమి గాలిలో కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఎక్కువ అని ఇప్పుడు చాలామంది అంటున్నారు, ఆ మిశ్రమంలో స్పార్క్ కొడితే దిగుబడి బాగా పడిపోతుంది. అందుకే పార్సిల్ వాదనకి బలం వచ్చింది. జోన్ ఓరో 1960లో హైడ్రోజన్ సయనైడ్ నుంచి అడినిన్ చేసి, మరుసటి ఏడాదే తోకచుక్కలు ఇలాంటివి మోసుకొచ్చి ఉంటాయని రాశాడు.

నా మట్టుకు నాకు ఇది లేకపోతే అది అనే గొడవే కాదు. అగ్నిపర్వతాల దగ్గర కొంత, సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గర కొంత, పైనుంచి కొంత. ఇప్పటికీ ఏటా వేల టన్నుల అంతరిక్ష ధూళి భూమ్మీద రాలుతోంది, అప్పట్లో ఇంకా చాలా ఎక్కువ రాలేది.

తోకచుక్క77

రాలేటప్పుడు మండిపోవా?

ల్యాబ్‌కోటు

పెద్ద తోకచుక్క గుద్దితే అందులో సరుకు చాలావరకు మాడిపోతుంది. మరీ చిన్న ధూళి గాల్లో పైనే వేగం తగ్గి మెల్లగా దిగుతుంది. మధ్యరకం రాళ్లకి పైపొరే కరుగుతుంది, లోపలికి వేడి పాకేలోపే నేలమీద పడిపోతాయి. మర్చిసన్ ముక్క కోసి చూస్తే పైన సన్నటి నల్లటి తొక్క, లోపల ఏ వేడీ తగలని రాయి.

పాతకాపు

మరి హాయిల్, చంద్ర విక్రమసింఘే అనే శాస్త్రవేత్తలు చెప్పినట్టు ఏకంగా సూక్ష్మజీవులే వచ్చి ఉంటే?

ల్యాబ్‌కోటు

అది వేరే వాదన. దానికి రుజువు లేదు. పైగా ప్రాణం ఎలా మొదలైంది అన్న ప్రశ్నని ఇంకో చోటికి నెట్టడమే తప్ప జవాబు రాదు. ఇక్కడ దాని గురించి ఇంతకంటే రాయను, కావాలంటే వేరే థ్రెడ్ పెట్టండి.

నిశాచరి

నాకు అర్థంకానిది కుడి ఎడమల సంగతి. రాళ్లలో రెండూ సమానంగా ఉంటే, మన ఒంట్లోకి ఎడమ మాత్రమే ఎలా వచ్చింది? పార్సిల్‌లో లేని తేడా ఇక్కడ ఎలా పుట్టింది?

చీకటిమేఘం

దీనిమీద కథ మలుపులు తిరుగుతోంది. 1997లో క్రోనిన్, పిజ్జరెల్లో ఇద్దరూ మర్చిసన్‌లో కొన్ని అమైనో ఆమ్లాల్లో ఎడమవి కొంచెం ఎక్కువ ఉన్నాయని చూపించారు. తర్వాత 2009లో నాసా వాళ్లు ఐసోవాలిన్‌లో ఆ ఎక్కువ 18 శాతం దాకా ఉందన్నారు. ఐసోవాలిన్ ఇక్కడ మంచి సాక్షి, ఎందుకంటే దాని మధ్య కార్బన్ మీద హైడ్రోజన్ లేదు కాబట్టి ఒకసారి ఎడమ అయితే కోట్ల ఏళ్లైనా సులువుగా కుడికి తిరగదు. రాతిలో నీళ్లు ఎంత ఎక్కువకాలం ఆడితే ఎడమ అంత పెరుగుతుంది అనే ఊహ అప్పట్లో బలపడింది.

ఆ లెక్కన బెన్నులో ఎడమ బాగా కనబడాలి, అక్కడ నీళ్లు గట్టిగానే ఆడాయి. తీరా చూస్తే రెండూ దాదాపు సమానం. ర్యుగులోనూ అంతే. దాంతో ఎడమవాటం ఆకాశం నుంచే వచ్చిందన్న మాటకి పెద్ద దెబ్బే తగిలింది. నక్షత్రాల మధ్య కూడా 2016లో ప్రొపిలీన్ ఆక్సైడ్ అనే అణువు దొరికింది, కుడి ఎడమ రూపాలుండే అణువు అక్కడ దొరకడం అదే మొదలు. కానీ అందులో ఏ చెయ్యి ఎంత ఉందో ఆ రేడియో గీతల్లో తేలదు.

ఎదురుప్రశ్న

అదీ సంగతి. ఇప్పుడు నేను నా మాట చెప్తా. ఇన్నాళ్లూ ముడిసరుకు దొరకడమే పెద్ద విశేషం అన్నట్టు వార్తలు వచ్చాయి. నాకు ఉల్టాగా అనిపిస్తోంది. సరుకు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతోందంటే అది కష్టమైన భాగం కాదన్నమాట. 2010లో మర్చిసన్ ముక్కని అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడితే పదివేలకి పైగా వేరువేరు అణు సూత్రాలు బయటపడ్డాయి. ప్రాణం వాడేది అందులో పిడికెడు. మిగతావన్నీ అడ్డమే కదా? గొలుసు కట్టేటప్పుడు పనికిరాని అమైనో ఆమ్లం వచ్చి చివర తగులుకుంటే గొలుసు అక్కడితో ఆగిపోతుంది. రైబోజ్ ఒక్కటి కావాలంటే పక్కన దాని అన్నదమ్ములందరూ పోటీకి వస్తారు. వీటిలోంచి ఏరిందెవరు? రాతిలో సరుకు ఉందని చెప్పే ప్రతి పేపరూ ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతోంది.

ల్యాబ్‌కోటు

ఈ థ్రెడ్‌లో ఇదే అసలు పోస్టు. పూర్తిగా మీతో ఉన్నా, ఒక్క చోట తప్ప. అన్ని పేపర్లూ అక్కడే ఆగట్లేదు.

అమైనో ఆమ్లాలు గొలుసు కట్టాలంటే ఒక్కో అతుకు దగ్గర ఒక నీటి అణువు బయటికి పోవాలి. సముద్రం నిండా నీళ్లే ఉన్నప్పుడు అది జరగదు, కట్టుకున్న గొలుసు కూడా తిరిగి విడిపోతుంది. అందుకని ఎండుతూ తడుస్తూ ఉండే నీటి గుంటలు కావాలనే వాదన ఉంది. నీళ్లు ఎండినకొద్దీ పలచగా ఉన్న సరుకు చిక్కబడుతుంది, గొలుసులకి అవకాశం వస్తుంది. ఇప్పుడు బెన్ను జనవరి పేపర్లలో రెండోది చూడండి, అమైనో ఆమ్లాల హడావిడిలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ మట్టిలో ఉప్పునీరు ఎండిపోగా మిగిలిన ఖనిజాలు వరసగా దొరికాయి. సోడియం కార్బొనేట్లు, ఫాస్ఫేట్లు, మన ఉప్పు. అంటే బెన్ను తల్లి గ్రహశకలంలో ఉప్పునీటి మడుగులు ఉండి, మెల్లగా ఎండి, చిక్కబడ్డాయి. ఫాస్ఫరస్ కూడా అక్కడే ఉంది, ఆర్ఎన్ఏకి వెన్నెముక అదే.

ఇన్ని అనుకూలించినా అక్కడ ప్రాణం పుట్టిన గుర్తు లేదు. నాకు ఈ మొత్తం వార్తలో ఆసక్తికరం ఇదే. సరుకుంది, నీళ్లున్నాయి, ఉప్పుంది, ఫాస్ఫరస్ ఉంది, అయినా కథ అక్కడితో నిలిచిపోయింది. బహుశా ఆ వేడి తొందరగా ఆరిపోయింది, లోపల గడ్డకట్టింది. భూమికి దొరికినంత కాలం, మళ్లీమళ్లీ అందే శక్తి దానికి దొరకలేదు. ఇది నా అభిప్రాయం, పేపర్‌లో లేదు.

పాతకాపు

కాలం అంటున్నారు, కానీ భూమ్మీద కూడా పెద్ద ఆలస్యం కాలేదుగా. భూమికి 454 కోట్ల ఏళ్లు. ఆస్ట్రేలియాలో దాదాపు 350 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలోనే సూక్ష్మజీవులు కట్టిన స్ట్రొమటొలైట్లు ఉన్నాయి. అప్పటికే పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఎదురుప్రశ్న

వంద కోట్ల ఏళ్లు "పెద్ద ఆలస్యం కాలేదు" అనే మనిషిని మొదటిసారి చూస్తున్నా 🙂 కానీ ఒప్పుకుంటా. గ్రహశకలం లోపలి నీటికి ఆ లెక్కలో చాలా తక్కువ సమయమే దొరికింది.

నిశాచరి

మరి శని ఉపగ్రహం టైటాన్? అక్కడ కర్బన పదార్థాలు ఏకంగా వానలా కురుస్తాయంటారు.

చీకటిమేఘం

మీథేన్ వాన, మీథేన్ చెరువులు, అన్నీ నిజమే. ఉపరితలం దాదాపు మైనస్ 179 డిగ్రీలు, ద్రవరూపంలో నీళ్లు మాత్రం పైన ఉండవు. డ్రాగన్‌ఫ్లై అనే డ్రోన్‌ని నాసా 2028లో పంపాలనుకుంటోంది, 2034లో చేరుతుంది. ఎప్పుడో ఉల్క గుద్ది మంచు కరిగి, కొంతకాలం నీళ్లు నిలిచిన సెల్క్ అనే గుంట దాకా వెళ్లాలని ప్లాన్. టైటాన్ సరుకుకి నీళ్లు కలిస్తే ఏమయింది అన్నది అక్కడ చూడొచ్చు.

తోకచుక్క77

చాలా థాంక్స్ అందరికీ. ఆఖరుగా ఒక్కటి. ఉల్కల్లో, తోకచుక్కల్లో అమైనో ఆమ్లాలు దొరికాయి సరే. అసలు నక్షత్రాల మధ్య మేఘాల్లోనే అమైనో ఆమ్లం కనబడిందా? 300 అణువుల్లో అది ఉండే ఉంటుందిగా?

చీకటిమేఘం

లేదండీ. అన్నిటికంటే చిన్నదైన గ్లైసిన్ కూడా అక్కడ ఖాయం కాలేదు. 2003లో దొరికిందని ఒక బృందం ప్రకటించింది, 2005లో ఇంకో బృందం ఆ గీతలన్నీ సరిచూసి, ఉండాల్సిన చోట కొన్ని లేవని తేల్చింది. గ్లైసిన్ గీతలు బలహీనం, పైగా ధనూరాశి వైపున్న ఆ పెద్ద మేఘంలో వేలకొద్దీ గీతలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి, ఏది ఎవరిదో విడదీయడం నరకం. 67పీ తోకచుక్క చుట్టూ గ్యాస్‌లో మాత్రం రోసెట్టా నౌక గ్లైసిన్‌ని పట్టుకుంది, ఫాస్ఫరస్‌తో పాటు, 2016లో ఆ పేపర్ వచ్చింది. మేఘాల్లో గ్లైసిన్‌కి దగ్గరి చుట్టం ఇథనాలమిన్ 2021లో దొరికింది. కణాల పొరల్లో ఉండే కొవ్వుల తలభాగాల్లో అదీ ఒకటి. గ్లైసిన్ కోసం వెతుకులాట నడుస్తూనే ఉంది.